తోమకుండా వచ్చే మెరుగు

మా అమ్మ కాలు విరిగితే ఎముకకు స్టీలు పలక వేసి మరమేకులతో బిగించారు. మూడు నెలలు గడిచాయి. ఇక నడవమన్నారు డాక్టరుగారు. ఆవిడ మంచం దిగితేనా! బతిమాలి అడిగితే చివరికి చెప్పింది:

"లోపలెట్టిన ఇనుముకి సిలుం పడితే ఎవులు తోముతారురా?"

నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. మా కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర వస్తున్నదంటే ఇంట్లోని బుడితి ఇత్తడినంతా చింతపండుతో, బూడిదతో తోమిన చేతులవి. బుడితి మా జిల్లాలోనే, సారవకోట మండలంలో వుంది. అక్కడి కంచు, ఇత్తడి సామాను పేరుపడ్డది. తోమని లోహం చెడుతుందన్నది అమ్మ ఒక జీవితకాలపు అనుభవం. దానికి జవాబు చెప్పవలసిందే.

ఎముకలకు వేసే స్టీలులో నూటికి 17 నుంచి 19 పాళ్లు క్రోమియం వుంటుంది. అది గాలి తగలగానే కంటికి కనపడని పొర కడుతుంది. చిలుమును ఆపేది ఆ పొరే. గీతలూ గరుకులూ వున్నచోట ఆ పొర బలహీనం. మన ఒంట్లో వున్నదేమో ఉప్పునీరు! అంచేత ఇక్కడ నునుపు అందానికి కాదు, ఆరోగ్యానికి.

మరి మరమేకు చుట్ల సందుల్లోకి సానచక్రం ఎలా వెళుతుంది? 1930లలో ఫ్రాన్సులో జాకే అనే ఆయన దారి చూపాడు. లోహాన్ని ద్రావకంలో ముంచి కరెంటు పంపితే ముందుగా మిట్టలు కరుగుతాయి. కాని దానికి సాధారణంగా ఘాటైన ఆమ్లాలు కావాలి.

ఆ బాధ తగ్గించేదే ప్లాస్మా విద్యుద్విశ్లేషణ. బాగా కాలిన దోసెపెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్క అంటుకోకుండా గంతులేస్తుంది, చూశారుగా? దాని కింద ఆవిరి పరుపు వుంటుంది. అలాగే 70 నుంచి 90 డిగ్రీల వేడినీటిలో స్టీలు వస్తువును ధనధ్రువానికి తగిలించి, సుమారు 300 వోల్టులు పెడితే, వస్తువు చుట్టూ ఆవిరి తొడుగు ఏర్పడుతుంది. అమెరికాలో కెలాగ్ 1950లోనే ఈ తొడుగును పరిశీలించాడు. ఆ తొడుగును చీల్చుకుని కరెంటు చిన్నచిన్న మెరుపులుగా దూకుతుంది. మిట్ట వున్నచోటనే ఎక్కువగా దూకి దాన్ని కరిగిస్తుంది. నీటిలో కలిపేది నూటికి కొద్ది పాళ్లు అమ్మోనియం సల్ఫేటు. మన రైతులు పొలాల్లో చల్లే ఎరువే!

నిమిషానికి ఊడేది కొద్ది మైక్రానులే. మైక్రానంటే మిల్లీమీటరులో 1000వ వంతు. అయితే ఈ పద్ధతి లోతైన గంటును పూడ్చలేదు. కరెంటూ బాగా తాగుతుంది. పైగా నునుపు అన్నిచోట్లా పనికిరాదు. ఎముక లోహాన్ని పట్టుకుని పెరగవలసిన చోట కావాలనే గరుకుగా వుంచుతారు.

ఇదంతా అమ్మకు పెనమూ, నీటిచుక్కా సాయంతో చెప్పాను.

"అయితే రుద్దకుండానే తోమీసినారన్నమాట," అన్నది.

"ముందే తోమేశారమ్మా. ఇంక తోమక్కరలేదు."

కాసేపు ఆలోచించి నా భుజం పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి వంటింటి గడపలో ఆగింది. అటకమీది బిందెలకేసి చూసింది.

"వాటికి మాత్రం చింతపండే తేరా బాబూ!"