చెత్త అన్నదే చికిత్స అయింది

బిలాస్‌పూర్‌లోని దయాల్‌బంద్ నుంచి గనియారీ సుమారు 20 కిలోమీటర్లు. ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు అక్కడ నెలకొల్పిన జన స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రికి వచ్చే పల్లె రోగుల్లో సికిల్‌సెల్ బాధితులూ ఉంటారు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పులు, పదేపదే రక్తం ఎక్కించుకోవడం. ఛత్తీస్‌గఢ్‌కు ఈ జబ్బు కొత్త కాదు. కొత్తదల్లా శాస్త్రవేత్తలు మందు వెతుకుతున్న చోటు.

మన జన్యు పదార్థంలో ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం 2 శాతం లోపే. మిగతాదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. ప్రొటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏలదీ ఇంచుమించు అదే గతి. వాటిలో వలయాకార ఆర్‌ఎన్‌ఏ సంగతి మరీ విచిత్రం. మానవ కణాల్లో 1979లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు చిక్కినా, కణం చేసిన పొరపాటుగా జమకట్టి వదిలేశారు. మెదడులో ఉండే అలాంటి వలయమొకటి ఓ బుల్లి ఆర్‌ఎన్‌ఏను స్పాంజిలా పట్టి ఉంచుతుందని 2013లో జర్మనీ, డెన్మార్క్ పరిశోధకులు చూపాకే గౌరవం దక్కింది. కొసలు లేవు కనుక, కొసల నుంచి కొరుక్కొచ్చే ఎంజైములకు ఇది లొంగదు. కేంద్రకం లేని ఎర్రకణాల్లో మామూలు ఆర్‌ఎన్‌ఏలు శిథిలమవుతున్నా ఈ వలయాలు నిలిచి ఉంటాయని 2016లో తేలింది. రక్తపరీక్షలో జబ్బు ఆనవాళ్లుగా పనికొస్తాయన్న ఆశ అందుకే. ప్రస్తుతానికది ఆశే.

సికిల్‌సెల్‌లో కథ అంతకన్నా ముందుకెళ్లింది. తప్పు ఉన్నది ప్రొటీన్ రాసే జన్యువులోనే, అదీ ఒక్క అక్షరం. దిద్దడానికి మాత్రం ప్రొటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏ కావాలి. క్రిస్పర్ కత్తెరను సరైన చోటికి నడిపించేది అదే. ఢిల్లీ ఐజీఐబీ శాస్త్రవేత్త దేబజ్యోతి చక్రవర్తి అంతకుముందు జర్మనీలోని డ్రెస్డెన్‌లో పనిచేసింది ఈ కోవ ఆర్‌ఎన్‌ఏల మీదే. 2019లో ఆయన బృందం రోగి నుంచి తీసుకున్న కణాల్లో ఆ అక్షరాన్ని దిద్ది చూపింది. 2025 నవంబర్‌లో బిర్సా 101 పేరిట దేశీయ చికిత్సను ప్రకటించారు. పరిజ్ఞానం సీరం ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. పేరు గిరిజన వీరుడిది. రోగుల్లో ఫలితం చూడాల్సి ఉంది.

ఎందుకింత ఆత్రుత? 2023 డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయలు. అది కోసేదీ ఒకనాటి ‘చెత్త’ భాగంలోని ఓ స్విచ్‌నే.

బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోని షహ్‌డోల్‌లో 2023 జులై 1న ప్రధాని సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 గడువు. పరీక్షల దాకా సరే. క్యాస్‌జెవీ తరహా చికిత్సలో మూలకణాలను బయటికి తీసి దిద్దాలి, కీమోథెరపీతో మజ్జను ఖాళీ చేసి తిరిగి ఎక్కించాలి. అందుకు రోగి వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాలి. మందు చౌక అయినా, గనియారీకి బస్సెక్కి వచ్చే కూలీ ఆ వారాలు ఏ ఊరి వార్డులో, ఎవరి ఖర్చుతో గడుపుతాడో ముందు తేల్చాలి.