కారు అద్దం పగిలితే కాగితమైనా ఇవ్వరా?

నల్లగొండ జిల్లా పల్లెల్లో ఏదో ఒక పని మీద హైదరాబాదు వెళ్లని ఇల్లు అరుదు. పసిబిడ్డకు జబ్బు చేస్తే నీలోఫర్ ఆసుపత్రి, పెద్దవాళ్లకు కాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి. కేసు వాయిదా ఉంటే నాంపల్లి క్రిమినల్ కోర్టులు. పుస్తకాలకు, బట్టలకు ఆబిడ్స్. జనవరి వచ్చిందంటే ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్. ఇవన్నీ అటూ ఇటుగా నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. కనుక జిల్లా నుంచి బయలుదేరిన కారు ఏ పని మీద వెళ్లినా చివరకు ఆబిడ్స్, నాంపల్లి సందుల్లోనే ఆగుతుంది.

ఆ కారు షావుకారుది కానక్కరలేదు. ఊళ్లో ఒకరిద్దరు అప్పు చేసి పాత కారు కొంటారు. వాయిదాలు కట్టుకుంటూ, రోగులనో పెళ్లివారినో ఎక్కించుకుని నాలుగు రాళ్లు సంపాదించుకుంటారు. అలాంటి కారు ఆసుపత్రి ముందు చోటు లేక పక్క సందులో ఆగిందనుకుందాం. సాయంత్రం రోగిని చేతులపై మోసుకొచ్చేసరికి వెనుక అద్దం పగిలి సీటు నిండా పెంకులు పడి ఉంటాయి. తలుపు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మేకుతో గీసిన గీత. ఎవరు చేశారో తెలియదు, ఎందుకు చేశారో అసలే తెలియదు. చుట్టుపక్కల అడిగితే చూడలేదంటారు. అప్పుడు ఆ మనిషికి గుర్తుకొచ్చేది పోలీసు ఠాణా.

ఏ ఠాణా?

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. రోడ్డుకు ఈ పక్క ఒక ఠాణా పరిధి, ఆ పక్క మరో ఠాణా పరిధి. పొలం గట్టు ఎక్కడుందో పల్లెటూరి వాడికి చీకట్లో కూడా తెలుసు. ఆబిడ్స్ ఠాణా హద్దు ఎక్కడ ముగుస్తుందో, నాంపల్లి ఠాణా హద్దు ఎక్కడ మొదలవుతుందో అక్కడ పుట్టి పెరిగినవాడికే తెలియదు. ఇక మిర్యాలగూడ నుంచి వచ్చినవాడికి ఎట్లా తెలుస్తుంది?

రెండో చిక్కు లోపలికి వెళ్లాక వస్తుంది.

"ఎవరి మీద అనుమానం?"

"తెలియదు సార్."

"మరి ఎవరి మీద కేసు పెట్టమంటావు?"

ఈ సంభాషణ ఏ ఒక్క ఠాణాదో కాదు. పట్నంలోనైనా మండల కేంద్రంలోనైనా పోలీసు గడప తొక్కిన సామాన్యుడికి పరిచయమైనదే. ఫలానా ఠాణా అని వేలెత్తి చూపడం వల్ల ప్రయోజనం లేదు. బండిని సందులో ఎందుకు నిలిపావనీ, ఇన్సూరెన్స్ ఉంది కదా అనీ, కేసు పెడితే కోర్టు చుట్టూ తిరగాలనీ నాలుగు మాటలు చెప్పి పంపేస్తారు. చేతిలో కాగితం ముక్క ఉండదు. రోగి కారులో మూలుగుతూ ఉంటే ఎవరు మాత్రం ఎంతసేపని వాదిస్తారు? పగిలిన అద్దానికి అట్ట ముక్క అడ్డం పెట్టుకుని వంద కిలోమీటర్లు తిరిగి వస్తారు.

తప్పు పోలీసులదేనా?

పోలీసులను తిట్టడం సులభం. కాని ఇందులో సగం తప్పు చట్టానిదన్న సంగతి చాలామందికి తెలియదు. తెలుసుకుంటే కోపం ఎవరి మీద పడాలో తేలుతుంది.

మన చట్టం నేరాలను రెండు రకాలుగా విడదీసింది. హత్య, దోపిడీ, దొంగతనం వంటివి పోలీసులు తామే చేపట్టదగిన నేరాలు. వీటికి ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలి, మేజిస్ట్రేటు ఆజ్ఞ కోసం చూడనక్కరలేదు. లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరు 12న ఈ సంగతి తేల్చి చెప్పింది. రెండో రకం చిన్న నేరాలు. వీటిపై మేజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు.

ఎదుటివాడి ఆస్తిని కావాలని పాడుచేయడం 1860 నాటి భారత శిక్షాస్మృతిలో నేరమే. యాభై రూపాయలు, ఆపైన నష్టం జరిగితే 427వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉండేది. కాని దాన్ని రెండో రకంలో పెట్టారు. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఇందులో 324వ సెక్షన్ ప్రకారం ఇరవై వేల రూపాయల లోపు నష్టానికి తక్కువ శిక్ష, ఇరవై వేల నుంచి లక్ష లోపు నష్టానికి రెండేళ్ల వరకు శిక్ష. ఇవి రెండూ పోలీసులు నేరుగా చేపట్టలేని నేరాలే. నష్టం లక్ష రూపాయలకు చేరితేనే ఐదేళ్ల వరకు శిక్ష, అప్పుడే పోలీసులు తామంతట తాము దర్యాప్తు చేయగలరు. వెనుక అద్దమూ తలుపు రంగూ కలిపి పాత కారుకు లక్ష రూపాయల నష్టం ఎక్కడ తేలుతుంది?

ఎద్దుకున్న విలువ

ఇంకో విచిత్రం చూడండి. ఎద్దునో గేదెనో చంపినా, కుంటిదాన్ని చేసినా పాత చట్టంలోనే 429వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష, పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. పొలానికి పారే నీటిని తగ్గించేలా కాలువ పాడుచేసినా అంతే. గడ్డివాముకు నిప్పు పెడితే ఇంకా పెద్ద నేరం. కొత్త సంహితలోనూ ఈ రక్షణలు ఉన్నాయి. ఆనాడు చట్టం రాసినవారు దొరలే అయినా ఒక సంగతి గ్రహించారు. రైతు బతుకు ఎద్దు మీద, నీటి మీద, గడ్డి మీద నిలబడి ఉంది. అవి పోతే ఇల్లు కూలుతుంది.

ఈనాడు పల్లెలో అప్పు చేసి కారు కొన్నవాడికి ఆ కారే ఎద్దు. దాని మీదే పొయ్యి వెలుగుతుంది, పిల్లల బడి ఫీజు సాగుతుంది. దాన్ని తగలబెడితే పోలీసులు నేరుగా చేపట్టదగిన పెద్ద నేరం. అద్దం పగలగొట్టి నాలుగు రోజులు మూలన పడేస్తే మాత్రం చిల్లర తగాదా.

ఆర్టీసీ బస్సుకూ ప్రైవేటు కారుకూ ఉన్న తేడా ఇంకా స్పష్టం. 1984లో ప్రభుత్వ ఆస్తుల నష్ట నివారణకు ప్రత్యేక చట్టం చేశారు. దాని కింద బస్సు అద్దం పగలగొట్టినవాడికి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బస్సు ప్రజలది కనుక ఆ రక్షణ సబబే. అయితే బస్సు పక్కనే నిలిచిన పేదవాడి కారుకు అదే రాయి తగిలితే దానికి ఆ చట్టం వర్తించదు. బందులు, ఆందోళనల సమయంలో ప్రభుత్వ ఆస్తులకే గాక ప్రైవేటు ఆస్తులకూ జరిగే నష్టాన్ని కారకుల నుంచి రాబట్టాలని సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 16న మార్గసూత్రాలు ఇచ్చింది. అవి గుంపులు చేసే విధ్వంసానికి పనికివస్తాయి. సందులో ఒంటరిగా నిలిచిన కారును గుర్తు తెలియనివాడు పాడుచేస్తే వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

ఠాణా చేయవలసింది ఏమిటి?

చట్టం చేతులు కట్టేసిందన్నంత మాత్రాన పోలీసుల బాధ్యత తీరిపోదు. చిన్న నేరమైనా సరే, ఫిర్యాదు వచ్చినప్పుడు దాని సారాంశాన్ని పుస్తకంలో రాసుకోవాలనీ, ఫిర్యాదుదారుని మేజిస్ట్రేటు వద్దకు పంపాలనీ చట్టమే చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 155వ సెక్షన్. ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 174వ సెక్షన్. పైగా అలాంటి ఫిర్యాదుల డైరీ నివేదికను పదిహేను రోజులకొకసారి మేజిస్ట్రేటుకు పంపాలని కొత్తగా చేర్చారు. కనుక "ఇది మా పని కాదు" అని పంపేయడం ఆ అధికారి ఇష్టాయిష్టాల విషయం కాదు. రాసుకోవడం విధి.

అద్దం పగలగొట్టి లోపలి సంచినో బ్యాటరీనో ఎత్తుకుపోతే సంగతి మారుతుంది. దొంగతనం పోలీసులు నేరుగా చేపట్టదగిన నేరం. అయితే ఐదు వేల రూపాయల లోపు దొంగతనానికి కొత్త చట్టంలో కొంత సడలింపు ఉంది. రెండు నేరాలలో ఒకటి పెద్దదైతే మొత్తం కేసును పెద్ద నేరంగానే చూడాలని అదే 174వ సెక్షన్ అంటోంది. అలాంటప్పుడు పరిధి మాట కూడా ఎత్తరాదు. 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారునికి తెలపాలి. నిందితుని పేరు తెలిసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పేరు కనిపెట్టడానికే కదా దర్యాప్తు!

పోలీసుల వైపు న్యాయం కూడా కొంత ఉంది. బందోబస్తులు, ఊరేగింపులు, హత్యలు, మోసాలు అన్నీ చూసుకోవలసినది ఆ కొద్దిమందే. ప్రతి గీతకూ కేసు పెట్టి, వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇస్తే పల్లెల్లో గట్టు తగాదాలన్నీ అరెస్టులుగా మారే ప్రమాదమూ ఉంది. కనుక ప్రతి అద్దానికీ ఒకరిని జైల్లో పెట్టమని ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నది మూడే మూడు. ఒకటి, ఫిర్యాదు తీసుకుని సంఖ్య వేసిన రశీదు ఇవ్వాలి. రెండు, పరిధి తమది కాకపోతే మనిషిని కాక కాగితాన్ని పక్క ఠాణాకు పంపాలి. మూడు, కెమెరాల బొమ్మలు చెరిగిపోకుండా చూడాలి.

ఈ మూడోది చాలా ముఖ్యం. జనం గుమిగూడే దుకాణ సముదాయాలు వంటి చోట్ల కెమెరాలు పెట్టాలనీ, ఆ బొమ్మలను ముప్పై రోజులు భద్రపరచాలనీ ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో ప్రజా భద్రతా చట్టం చేశారు. ఆబిడ్స్, నాంపల్లి వంటి చోట కెమెరాకు కరువు లేదు. కరువల్లా చూసే కన్నుకు. మేజిస్ట్రేటు ఆజ్ఞ వచ్చి పోలీసులు కదిలేలోగా ముప్పై రోజులు దాటిపోతే ఆ బొమ్మలు ఉండవు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే ఏం లాభం? మేజిస్ట్రేటు కోర్టులు ఎక్కడో కాదు, అదే నాంపల్లిలో ఉన్నాయి. ఠాణా నుంచి కోర్టుకు ఒక కాగితం నడిచి వెళ్లడానికి నెల పట్టనక్కరలేదు.

రశీదు లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. పల్లెల్లో చాలా బండ్లకు చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంటుంది. అది ఎదుటివారికి జరిగే నష్టానికే గాని మన బండికి పనికిరాదు. "ఇన్సూరెన్స్ ఉంది కదా" అన్న మాట వీరికి పుండు మీద కారం. పూర్తి బీమా ఉన్నవారికైనా క్లెయిము దగ్గర పోలీసు కాగితం ఎక్కడ అన్న ప్రశ్న ఎదురవుతుంది. క్లెయిము తీసుకుంటే మరుసటి ఏడు ప్రీమియంలో రాయితీ పోతుంది. అద్దె బండి నాలుగు రోజులు నిలిచిపోతే ఆ కూలి ఎవరు ఇస్తారు?

ప్రయాణికులు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. బండి దెబ్బతిన్న చోటనే, కదపకముందే ఫోనులో ఫోటోలు తీయాలి. ఎదురుగా ఉన్న కెమెరా ఏ దుకాణానిదో గుర్తుపెట్టుకుని, బొమ్మలు చెరపవద్దని ఆ యజమానిని అడగాలి. 100కు గాని 112కు గాని ఫోను చేస్తే ఆ చోటు ఏ ఠాణా కిందికి వస్తుందో వారే చెబుతారు. ఫిర్యాదును నోటితో కాక రెండు ప్రతులుగా రాసి, ఒక దానిపై ముద్ర, సంతకం, తేదీ అడగాలి. పోయిన వస్తువులుంటే ఉన్నదున్నట్లు రాయాలి. లేనివి పోయాయని రాస్తే అదే ఒక నేరం. ఠాణాలో తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపాలి. అక్కడా పలకకపోతే మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకునే హక్కు ప్రతివారికీ ఉంది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు.

అయినా ఈ జాగ్రత్తలన్నీ చదువుకున్నవాడికి, తీరిక ఉన్నవాడికి సాగుతాయి. రోగిని వెంటబెట్టుకుని వచ్చినవాడు, సాయంత్రానికి ఊరు చేరవలసినవాడు ఇవన్నీ ఎప్పుడు చేస్తాడు? కనుక భారం ముందుగా పడవలసింది ఠాణా మీదనే. ఆసుపత్రుల ముందు, కోర్టుల ముందు, ఎగ్జిబిషన్ మైదానం ముందు ఆ చోటు ఏ ఠాణా పరిధిలోకి వస్తుందో తెలుగులో, ఉర్దూలో బోర్డులు పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చిన్న నేరాలకు అచ్చు వేసిన రశీదు పుస్తకం ఉంచడానికి కొత్త చట్టం అవసరం లేదు. నష్టం లక్షకు చేరితే తప్ప పోలీసులు కదలరాదన్న నిబంధనను బతుకుతెరువు బండ్ల విషయంలోనైనా సవరించాలా వద్దా అన్నది మాత్రం చట్టసభలు ఆలోచించవలసిన సంగతి. జిల్లా ప్రజాప్రతినిధులు ఈ ప్రశ్నను పైకి తీసుకుపోవాలి.

పగిలిన అద్దం నాలుగు వేలో ఐదు వేలో పెడితే మళ్లీ వస్తుంది. కాని ఠాణాకు వెళితే పని జరగదని ఒకసారి మనసులో పడితే, రేపు ఇంతకంటే పెద్ద ఆపద వచ్చినప్పుడు కూడా ఆ మనిషి ఆ గడప తొక్కడు. నేరం చేసినవాడికి కావలసింది అదే. ఒక్క రశీదు ముక్కతో నిలబెట్టుకోగలిగిన నమ్మకాన్ని పోలీసు శాఖ చేజేతులా పోగొట్టుకోరాదు.