నడిమి నట్టు జోలికెళ్లొద్దు!

బెంజ్ సర్కిల్ దాటాక గుంతలో పడగానే ముందు చక్రం దగ్గర 'టంగు'మంది. ఇంటికొచ్చి చూస్తే కారు ఓ పక్కకి ఒరిగింది. కాయిల్ స్ప్రింగు విరిగిందన్నమాట! 'నాలుగు నట్లేగా' అంటూ పానా పట్టుకుంటారు కొందరు. అక్కడే ఆగాలి.

చాలా కార్లలో ముందు స్ప్రింగుని స్ట్రట్‌లో అదిమిపెట్టి ఉంచుతారు. విరిగినా ఆ బిగువు పూర్తిగా పోదు. స్ట్రట్ పైన నడిమధ్య ఉండే పెద్ద నట్టే దానికి కళ్లెం. స్ప్రింగుకి కంప్రెసర్ బిగించకుండా దాన్ని విప్పారో... తూటాలా ఎగిరొస్తుంది. ప్రాణాలే పోవచ్చు. పైగా విరిగిన స్ప్రింగుకి కంప్రెసర్ కొక్కేలు సరిగా పట్టక జారిపోవచ్చు కూడా.

చెయ్యి తిరిగినవారైతే చదునైన చోట, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టి, నడిమి నట్టు ముట్టుకోకుండా స్ట్రట్‌ని మొత్తంగా ఊడదీయొచ్చు. దాన్ని ఆటోలో వేసుకుని బందరు రోడ్డు పట్టుకుంటే ఆటోనగర్ ఎంత దూరం! స్ప్రింగులు జతగా మార్చాలి కాబట్టి రెండో పక్క స్ట్రట్‌నీ వెంట తీసుకెళ్లాలి.