మెరిట్‌కి ముందు గుడ్డు
(బడి బువ్వ – 6)

ఎస్సీ కాలనీ పిల్లలకి లెక్కలు తలకెక్కవని టీచర్లు అనగా ఎన్నోసార్లు విన్నాను. రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడు ఈ మాటకే ఇస్త్రీ చొక్కా తొడిగి ‘మెరిట్’ అంటారు. సరే, ఆ పిల్ల పొద్దున ఏం తిని బడికొచ్చిందో ఎవరైనా అడిగారా?

మిరపకోతల రోజుల్లో అమ్మ తెల్లారకముందే కూలి ఆటో ఎక్కుతుంది. రాత్రి అన్నం మిగిలితే పిల్ల తింటుంది, లేకపోతే లేదు. లెక్కల పీరియడ్ పొద్దున్నే పెడతారు, అప్పుడు బుర్ర చురుగ్గా ఉంటుందట. ఎవరి బుర్ర? ఇడ్లీ తిని వచ్చినవాడిది. మనవాళ్లకి అన్నం గంట కొట్టేసరికి కష్టమైన పాఠాలన్నీ అయిపోతాయి.

తానికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ల పరిశోధన 2019లో అచ్చయింది. ఐదేళ్ల దాకా మధ్యాహ్న భోజనం అందిన పిల్లలకి, ఏడాదిలోపే అందినవాళ్లకంటే చదవడంలో 18 శాతం, లెక్కల్లో 9 శాతం మార్కులు ఎక్కువ వచ్చాయి. పుట్టుకతో వచ్చిన తెలివైతే ప్లేటులో అన్నం పడగానే ఎలా పెరిగింది?

ప్రైమరీ పిల్లల భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలన్నది నిబంధన. ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాములుంటుంది, అంటే సగం. నీళ్ల పప్పుతో ఆ సగం పూడదు. కానీ గుడ్డు పేరెత్తితే చాలు, కొందరికి మతం గుర్తొస్తుంది. 2015లో మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ జిల్లాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామంటే అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ కుదరదన్నారు. 2021లో కర్ణాటక బళ్లలో గుడ్డు మొదలుపెడితే, తినని పిల్లలకి అరటిపండు ఇస్తామన్నా కొందరు మఠాధిపతులు ఊరుకోలేదు. మన పిల్ల తినే గుడ్డు వాళ్ల గొంతుకెందుకు అడ్డం? (తెలుగులో మాంసాన్ని ‘నీచు’ అంటాం. ఆ పేరు తినేవాళ్లు పెట్టుకున్నది మాత్రం కాదు.)

వండే చేతిది ఇంకో కథ. వంటవాళ్లుగా దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిందని పైకులాల పిల్లలు తినడం మానేస్తే, ముందు ఆమెనే పనిలోంచి తీసేశారు. గొడవయ్యాకే మళ్లీ పెట్టుకున్నారు.

మన రెండు రాష్ట్రాల్లో గుడ్డు ఉంది, కాదనను. పొద్దుటి సంగతేంటి? తమిళనాడు 2022లో సర్కారు ప్రైమరీ బళ్లలో టిఫిన్ మొదలుపెట్టి తర్వాత విస్తరించింది. తెలంగాణలో 2023 అక్టోబరులో, సరిగ్గా ఎన్నికల ముందు, అల్పాహారానికి రిబ్బన్ కత్తిరించారు. ఆంధ్రలో అదే ఏడాది వారానికి మూడు రోజుల రాగి జావ వచ్చింది. మిగతా రోజులు ఆకలి సెలవు పెడుతుందా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ వారం మీ ఊరి బడికి మొదటి గంటకే వెళ్లండి. ఎంతమంది ఏం తిని వచ్చారో, ఎంతమంది ఏమీ తినలేదో పిల్లల పేర్లు లేకుండా తరగతివారీగా రాయండి. ఆ కాగితం ఎంఈఓ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతి బడిలో, ప్రతిరోజూ, పదో తరగతి దాకా టిఫిన్ కావాలని అందులోనే అడగండి.

వచ్చే భాగం వంట ఏజెన్సీ అక్కల బిల్లుల గురించి.