ధరకు పాతికేళ్ల హామీ, బోరు నీటికి?

కడప జిల్లాలో జమ్మలమడుగు దాటి మైలవరం మండలంలోకి వెళ్తే మెట్ట భూముల్లో సౌర ఫలకాలు బారులు తీరి ఉంటాయి. 2017 ఏప్రిల్‌లో ఎన్టీపీసీ జరిపిన వేలంలో కడప సోలార్ పార్కులోని 250 మెగావాట్లను ఫ్రాన్స్‌కు చెందిన సోలేర్‌డైరెక్ట్ సంస్థ యూనిట్‌కు 3.15 రూపాయల ధరతో దక్కించుకుంది. అంత తక్కువ ధర దేశం అంతకుముందు చూడలేదు. విదేశీ పెట్టుబడి వస్తే కాలుష్యం తగ్గుతుందనే వారికి ఈ పార్కు మంచి సాక్ష్యం.

అదే ఫ్రాన్స్ నుంచి వికా సంస్థ 2010లో నల్లలింగాయపల్లె దగ్గరి భారతి సిమెంట్‌లో 51 శాతం వాటా కొన్నది. ప్రొద్దుటూరుకు దగ్గర్లోని ఎర్రగుంట్లలో జువారి సిమెంట్ ఇటలీ యాజమాన్యం నుంచి 2016లో జర్మనీకి చెందిన హైడెల్‌బర్గ్ చేతికి వెళ్లింది. వీళ్లు వచ్చింది మన సున్నపురాయి కోసం. ఆ రాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు రాయిలోంచే పుడుతుంది. సిమెంట్ తయారీలో వెలువడే ఆ వాయువులో సగానికి పైగా ఇలా వచ్చేదే. ఫ్యాక్టరీకి ఎంత సౌర విద్యుత్తు ఇచ్చినా ఈ భాగం తగ్గదు. పక్కనే 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ) బొగ్గుతో నడుస్తోంది. పొద్దుగూకాక ఫలకాలు ఆగిపోతాయి, మన వాడకం ఆగదు.

పెట్టుబడి మురికిని మోసుకొస్తుందా, మెరుగైన యంత్రాలను తెస్తుందా అని ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా వాదిస్తున్నారు. ఒకే జిల్లాలో రెండూ జరుగుతున్నాయి కాబట్టి నేను వేరే ప్రశ్న అడుగుతాను: ఎవరి నష్టానికి కాగితం మీద రక్షణ ఉంది?

పులివెందుల నుంచి ఎన్నికైన అప్పటి ముఖ్యమంత్రి ప్రభుత్వం 2019 జులైలో పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను సమీక్షించడానికి కమిటీ వేసింది. జపాన్ రాయబారి ఆందోళన తెలుపుతూ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలోని ధరే చెల్లించాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. అది సరైన తీర్పే. రాసిచ్చిన మాట ప్రభుత్వం నిలుపుకోవాలి.

మరి పులివెందుల పక్కన వేముల మండలం సంగతి? తుమ్మలపల్లెలో యురేనియం గనినీ శుద్ధి కర్మాగారాన్నీ నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్). అణు విద్యుత్తును మనం శుద్ధ ఇంధనం లెక్కలోనే వేస్తున్నాం. శుద్ధి వ్యర్థాలను నింపే చెరువు (టెయిలింగ్ పాండ్) వల్ల బోరు నీళ్లు పాడయ్యాయనీ అరటి తోటలు దెబ్బతిన్నాయనీ కొట్టాల ఊరి చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకున్నారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. సౌర విద్యుత్ యూనిట్ ధరకు పాతికేళ్ల ఒప్పందం ఉంది, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లే దారి ఉంది. రైతు చేతిలో మాత్రం ఎండిన గెలా, అర్జీ నకలూ తప్ప మరేమీ లేవు. తన నీళ్లు ఎందుకు చెడ్డాయో నిరూపించే భారమూ అతని మీదే పడుతోంది. ల్యాబ్ ఖర్చు కూడా భరించలేని మనిషి ప్రభుత్వ రంగ సంస్థతో ఎట్లా వాదిస్తాడు?

గండికోట దగ్గర నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు ఇప్పటికే అనుమతి ఇచ్చారు. అలాంటి ప్రతి కొత్త ఒప్పందంలోనూ ధర పక్కనే నీటి షరతు కూడా రాయాలి. పని మొదలుకాక ముందే చుట్టుపక్కల బోర్ల నీటిని, కంపెనీతో సంబంధం లేని ల్యాబ్‌లో పరీక్షించి ఆ అంకెలను ఒప్పందానికి జతచేయాలి. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలను గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. అంకె మారితే, కారణం తమది కాదని నిరూపించాల్సింది కంపెనీ. ఆలోగా ఆ ఊరికి తాగునీరు, పంట నష్టపరిహారం ఇచ్చే బాధ్యతా దానిదే. విదేశీ సంస్థకూ, యూసీఐఎల్‌కూ ఇదే వర్తించాలి.