జీడి కోసే చేతులకు రక్షణ ఏదీ?

పలాస జీడిపప్పుకు రాష్ట్రం దాటి పేరుంది. పెళ్లి విందైనా, పండుగ పాయసమైనా ఆ పప్పు పడందే నిండుదనం రాదు. అయితే ఆ తెల్లని పప్పును పెంకు నుంచి వేరుచేసే ఆడకూలీల చేతులు మాత్రం నల్లబడి, పొరలు లేచి ఉంటాయి. అన్నంలో పచ్చడి కలుపుకుంటే వేళ్లు భగ్గుమంటాయి.

జీడిపిక్క పెంకులో జిగట నూనె ఉంటుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు చర్మాన్ని కాలుస్తాయి. పిక్కను కాల్చినా, ఆవిరిలో ఉడికించినా ఆ నూనె పూర్తిగా పోదు. కొందరికి ఇది మంటతో ఆగదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొద్దిగా తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, దద్దుర్లు, రసి కారే పొక్కులు వస్తాయి. మామిడి కూడా జీడి జాతి చెట్టే. అందుచేత అలాంటివారికి మామిడి సొన సైతం పడకపోవచ్చు. పూర్వం బట్టలపై చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడిదీ ఇదే గుణం.

'తొడుగులు ఇస్తే వాళ్లే వేసుకోరు' అనడం యాజమాన్యాలకు పరిపాటి. వేసుకోకపోవడం మొండితనం కాదు. కూలి కిలోల లెక్కన. మందపాటి తొడుగు వేసుకుంటే వేళ్లు ఆడవు, పిక్క జారుతుంది, పప్పు విరుగుతుంది. గుండు పప్పుకున్న ధర బద్దకు లేదు. చెయ్యి కాపాడుకుంటే కూలి పోతుంది, కూలి కాపాడుకుంటే చెయ్యి పోతుంది. ఈ చిక్కు విప్పకుండా తొడుగులు పంచి చేతులు దులుపుకోవడం శోచనీయం.

చెయ్యవలసినది కొండంత పని కాదు. వేళ్లకు అమరే పలుచని తొడుగులివ్వాలి. వాటితో పని కొంత నెమ్మదిస్తుంది గనుక ఆ మేరకు కిలో రేటు పెంచాలి. పనిచోటనే చేతికి రాసుకునే నూనె, కడుక్కునే సబ్బు, నీళ్లు ఉండాలి. కిరసనాయిలుతో రుద్దుకుంటే చర్మం మరింత చెడుతుందని కూలీలకు చెప్పాలి. పొక్కులు తగ్గనివారికి కూలి తగ్గించకుండా వేరే పని చూపాలి. కార్మిక శాఖ అధికారులు రిజిస్టర్లతో పాటు చేతులూ చూడాలి.

పెంకు నుంచి తీసిన నూనె రంగుల తయారీకి, బండ్ల బ్రేకుల తయారీకి అమ్ముడుపోతోంది. చేతులు కాల్చే ఆ నూనె మీద వచ్చే రాబడిలో కొంత ఆ చేతుల రక్షణకు ఖర్చుపెట్టడం న్యాయం. యజమానులు ఇకనైనా ఆలోచించాలి.