టికెట్ అడిగేవాళ్ళు బండి చూపించాలి

పోస్టు కొంచెం పొడుగే. ఓపికగా చదవండి, తర్వాత తిట్టాలనుంటే తిట్టండి.

మన ఉగాది కార్యక్రమంలో మన సభ్యుల అమ్మాయి ఒకతె త్యాగరాజ కీర్తన పాడింది. మృదంగం, వయొలిన్ వాయించినవాళ్ళు కూడా మన పిల్లలే. వీడియో పెట్టిన రెండో రోజు ఒక రికార్డు కంపెనీ పేరుతో నోటీసు వచ్చింది: ఈ పాట మాది, దీనిమీద వచ్చే ప్రకటనల డబ్బు మాది అని. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847లో. గ్రామఫోన్ కంపెనీవాళ్ళు మన దేశానికొచ్చి కలకత్తాలో పాటలు రికార్డు చేసింది 1902లో. మరి స్వామి వీళ్ళకు ఎప్పుడు రాసిచ్చాడు?

నోటీసు చూసి కమిటీలో కొందరు "ఎందుకొచ్చిన గొడవ, వచ్చే ఏడు నుంచి వీడియోలే వద్దు" అన్నారు. ఈ మాటకే నేను ఒప్పుకోను.

నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రాయడానికి అక్షరం ముక్క రాదు. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకం, ఎదురింటి గ్రామఫోను, ఇవే నా తెలుగు బడి. ప్లేటు తిరుగుతుంటే పుస్తకంలో వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కున్నాను. కాబట్టి రికార్డు కంపెనీలంటే నాకు కోపం లేదు, కృతజ్ఞతే ఉంది. వడపళని స్టూడియోల్లో పుట్టిన పాటను ప్లేటు మీదికి ఎక్కించి బెజవాడ దాకా చేర్చింది వాళ్ళే. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళోనే పోయారు. ఆయన భగవద్గీత ఇవాళ్టికీ వినిపిస్తోందంటే, దాన్ని రికార్డు చేసిన హెచ్.ఎం.వి.కి కూడా అందులో పుణ్యం ఉంది.

అప్పుడు బండి నడిపారు, టికెట్ అడిగారు. న్యాయమే. ఇప్పుడు ప్లేటు లేదు, క్యాసెట్టు లేదు, దుకాణం లేదు. పాట సెల్‌ఫోనులోంచి దానంతటది వెళ్తోంది. మన పిల్ల మన హాల్లో పాడితే వీళ్ళు నడిపిన బండి ఎక్కడుంది?

"అది కంప్యూటర్ చేసిన పొరపాటు" అంటారు. పార్సిల్ ఆఫీసులో రసీదు చూపించనిదే మేం మూట ఇచ్చేవాళ్ళం కాదు. ఇక్కడ వరస తిరగబడింది. నాదన్నవాడికి రసీదు అక్కర్లేదు, మూట మోసుకొచ్చినవాడే రుజువు చూపించాలట.

పాతవన్నీ ఉచితం అని నేను చెప్పడం లేదు. చట్టంలో రికార్డింగు హక్కు వేరు, పాట హక్కు వేరు. రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది పోగా 60 ఏళ్ళు. 1951 నాటి పాతాళభైరవి ప్లేట్ల మీద అది 2011తోనే తీరిపోయింది. కానీ సాహిత్యం మీద, బాణీ మీద హక్కు ఆ మనిషి పోయాక 60 ఏళ్ళు. పింగళి గారు 1971లో పోయారు, బాణీ కట్టిన ఘంటసాల గారు 1974లో. కాబట్టి ఆ పాటల మీద హక్కు ఇంకా ఉంది. 2012లో చట్టం మార్చి, రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీలో వాటా తప్పనిసరి చేశారు. అది వాళ్ళకు చేరుతుందంటే నేనే మొదట డబ్బు కడతాను.

ఇంకొకటి. మనలాంటి సంఘం టికెట్ పెట్టకుండా సభలో పాడుకుంటే అది ఉల్లంఘన కాదని అదే చట్టం చెబుతోంది. వీడియో పెట్టడం వేరే సంగతి, సినిమా పాటకైతే అనుమతి చూసుకోవాలి. త్యాగరాజ కీర్తనకు ఎవరి అనుమతి?

కంపెనీలకు ఇప్పటికీ పని లేకపోలేదు. పాత ప్లేట్లు శుభ్రం చేయండి. రాసిందెవరు, బాణీ ఎవరిది, పాడిందెవరు, ఏ సంవత్సరం, సరిగ్గా వేయండి. చాలా పాటల కింద రాసినవాళ్ళ పేరే కనిపించదు. ఆ పని చేస్తే డబ్బు అడగండి, ఇస్తాం.

మనం చేయాల్సింది రెండే. ఆ నోటీసుకు గడువులోగా అభ్యంతరం పెట్టాలి. ఇకమీదట ప్రతి వీడియో కింద వాగ్గేయకారుడు, రాగం, పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, తేదీ రాయాలి. అదే మన రసీదు.

వచ్చే మీటింగులో దీన్ని పెట్టండి. అభ్యంతరం కాగితం నేను రాసిస్తాను. రైల్వేలో నా ఉద్యోగమంతా రాసింది అవే.